వెండెల్ పుల్కినెన్ చూసిన తెల్ల గొట్టం

మా ఇనుపగనుల సీమలో వెండెల్ పుల్కినెన్‌కు ఒక పేరుంది, బండి దిగకుండానే ఇంటి గుట్టు చెప్పేస్తాడని. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. పికప్ బండిని ఇంటి ముందు ఆపి, అద్దం నాలుగు వేళ్ల మందం దించి గోడ వైపు చూసేవాడు. తెల్ల ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తే కాగితం మీద "కొత్త రకం, తొంభై అయిదు శాతం" అని రాసేవాడు. కనిపించకపోతే "పాతది" అని రాసేవాడు. మళ్లీ అద్దం ఎక్కించుకుని, బండిలో హీటరు ఇంకాస్త పెంచుకుని తర్వాతి ఇంటికి వెళ్లేవాడు. సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉండే చలిలో ఇంతకంటే సుఖమైన ఉద్యోగం మిన్నెసోటా మొత్తంలో మరొకటి ఉంటుందని నేను అనుకోను.

ఈ విద్యకు "పుల్కినెన్ చూపు" అని కూడా ఆయనే నామకరణం చేశాడు. మా ఊరి వారపత్రిక ఒకసారి ఆయన ఫొటో వేసింది, నుదుటికి దీపం కట్టుకుని, చేతిలో పుల్లకు కట్టిన అద్దంతో. ఆ దీపం వెలిగింది ఆ ఫొటో కోసమే. ఆ అద్దంలో ఆయన మీసం తప్ప ఇంకేదీ ఎప్పుడూ చూసుకోలేదు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆయన రాసుకొచ్చిన కాగితాలన్నీ పదకొండేళ్లుగా టైపు చేస్తున్నది నేనే. నా పేరు మార్లిస్ కోర్హోనెన్. ముసలివాళ్ల ఇళ్లకు చలికాలపు సాయం పంచే చిన్న ఆఫీసులో టైపిస్టుని.

ఆయన పనేమిటో కూడా చెప్పాలి. మా ఇళ్లకు నేలమాళిగలో ఫర్నేస్ ఉంటుంది, గ్యాసు మండించి ఇల్లంతా వేడిగాలి పంపే యంత్రం. అది ఆగిపోతే జనవరిలో మనిషి మిగలడు. పాత ఫర్నేస్ కాల్చిన గ్యాసులో సగం వేడిని పొగగొట్టం ద్వారా ఆకాశానికి దానం చేస్తుంది. కొత్తగా వచ్చిన కండెన్సింగ్ రకం మహా పిసినారి. పొగలో ఉన్న వేడిని కూడా పిండుకుంటుంది. ఆ పిండుడుకి పొగలోని ఆవిరి చల్లబడి నీళ్లై కారిపోతుంది, మిగిలిన పొగ ప్లాస్టిక్కును కూడా కరిగించలేనంత నీరసంగా బయటికి పోతుంది. అందుకే దానికి తెల్ల ప్లాస్టిక్ గొట్టం. ఏ ఇంట్లో ఏ రకం ఉందో చూసి రావడం వెండెల్ ఉద్యోగం. పాతది ఉన్నవాళ్లకు కొత్తది ఇస్తాం, కొత్తది ఉన్నవాళ్లకు శుభాకాంక్షలు చెబుతాం.

వెండెల్ ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి, దాని తర్వాత ఈ పనిలోకి వచ్చాడు. డులూత్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. కండెన్సింగ్ ఫర్నేస్‌ను గుర్తుపట్టడానికి అక్కడ నాలుగు ఆనవాళ్లు నేర్పారు: యంత్రం నుంచే బయలుదేరే ప్లాస్టిక్ గొట్టం, పక్కనే నీళ్లు కారే సన్నటి గొట్టం, మంట బయటికి కనపడకుండా మూసిన తలుపు, లోపలి రేకు మీద అచ్చువేసిన అంకె. నాలుగూ కళ్లతో చూశాకే రాయమన్నారు. వెండెల్‌కు మొదటిది గుర్తుంది, అదీ సగమే. "యంత్రం నుంచే" అన్న మాట దగ్గర ఆయన డోనట్ కోసం లేచి ఉంటాడని నా అనుమానం. మిగిలిన మూడూ చూడాలంటే నేలమాళిగ మెట్లు దిగాలి. ఆ మెట్లంటే ఆయనకు గిట్టదు.

దానికీ ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే లువోమా వాళ్ల ఇంట్లో నేలమాళిగ మెట్ల మధ్య వెండెల్ ఇరుక్కుపోయాడు. గనివాళ్ల కోసం కట్టిన ఇళ్లు కదా, మెట్లు సన్నం. వెండెల్ సన్నం కాడు. కిందికీ పైకీ కదల్లేక గంటంపావు నిలబడిపోతే, అగ్నిమాపకం వాళ్లొచ్చి ద్వారబంధం పీకి బయటికి తీశారు. మర్నాడు కాఫీ కొట్లో ఊరంతా ఉంది, ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. మా వాళ్ల మర్యాద అలాంటిది. పదకొండేళ్లయింది, ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు. కాకపోతే ఆయన ఎదురుపడితే అందరూ కాస్త పక్కకు తిరిగి, కావలసినదానికంటే ఎక్కువే దారి ఇస్తారు.

మా మర్యాదలో ఇంకో ముఖ్యమైన అంశం మూడుసార్లు అడగడం. ఇంటికొచ్చినవాళ్లకు ఏదైనా మూడుసార్లు ఇవ్వజూపాలి. మొదటిసారి "వద్దు" అనేది పలకరింపు. రెండోసారి "వద్దు" అనేది మొహమాటం. మూడోసారి చెప్పేదే అసలు జవాబు. మొదటి పిలుపుకే పళ్లెంలో చెయ్యి పెట్టినవాణ్ణి మేం పై ఊరివాడనుకుంటాం. మూడోసారి అడక్కుండా పళ్లెం ఎత్తేసిన ఇంటిని ఏమనుకుంటామో నాకు తెలియదు, ఎందుకంటే అలాంటి ఇల్లు మా సీమలో నేను చూడలేదు. ఈ ఆచారంలో వెండెల్ దిట్ట. ఎక్కడ నసగాలో, ఎక్కడ ఒప్పుకోవాలో తూకం వేసినట్టు తెలుసు. తిండి విషయంలో మాత్రమే.

ఇర్మా జుపాన్చిచ్‌కు అప్పటికి ఎనభై ఒకటి. గనిలో పనిచేసిన భర్త పోయి పన్నెండేళ్లు. గని తవ్వుకుంటూ ఊరి మీదికి వస్తుంటే కొన్ని ఇళ్లను చక్రాల మీద పెట్టి ఇవతలికి లాక్కొచ్చారు, ఆవిడ ఇల్లు అలా వచ్చిన వీధిలోది. దాని నేలమాళిగలో ఉన్న ఫర్నేస్‌ను ఆవిడ భర్త "చక్రవర్తి" అని పిలిచేవాడు. ఒకప్పుడు బొగ్గుతో మండేది, తర్వాత గ్యాసుకు మార్చారు. ఏనుగంత గుండ్రటి పొట్ట, దాని నుంచి కప్పులోకి పాకిన ఎనిమిది లావుపాటి రేకు చేతులు, వెనక పొగగొట్టంలోకి దూరిన తొమ్మిదోది. చిన్నప్పుడు ఆవిడ కూతురూ నేనూ దాని వెనక దాగుడుమూతలు ఆడేవాళ్లం. గుడ్డివాడు కూడా దాన్ని కొత్త యంత్రం అనుకోడు, చేత్తో తడిమితే చాలు.

ఆ ఏడు మా ఆఫీసుకు పన్నెండు కొత్త ఫర్నేస్‌లు వచ్చాయి. జాబితా నవంబరు ఆఖరి బుధవారానికి ముగించాలి. ఇర్మాది అందులో పదకొండో పేరు. అక్టోబరులో వెండెల్ ఆవిడ ఇంటికి వెళ్లాడు.

గోడ మీద తెల్ల గొట్టం ఉన్న మాట నిజమే. రెండేళ్ల కిందట ఆరోగ్యశాఖ వాళ్లు ఆ వీధిలో ఇంటింటికీ పెట్టించారు. మా రాతినేల నుంచి రేడాన్ అనే పాడు వాయువు నేలమాళిగల్లోకి ఊరుతుంది, దాన్ని లాగి బయటికి తోసే గొట్టం అది. ఫర్నేస్‌కు అది ఏ వరసా కాదు. కాస్త తలెత్తి చూస్తే ఆ గొట్టం కప్పు దాటి పైకి పోతోందని, నడుమ ఫ్యాను పెట్టె కడుపుతో ఉన్నట్టు ఉబ్బి ఉందని తెలుస్తుంది. ఫర్నేస్ గొట్టమైతే గోడలోంచి మూరెడు బయటికొచ్చి ఆగుతుంది, చలిలో తెల్లటి ఆవిరి కక్కుతుంది. పైగా ఇంటి నెత్తిన పొగగొట్టం నుంచి చక్రవర్తి పొగ వదులుతూనే ఉంది. పుల్కినెన్ చూపు అంత ఎత్తుకు పోదు.

అయినా ఆ రోజు వెండెల్ బండి దిగాడు. ఫర్నేస్ కోసం కాదు. ఇర్మా పొతీత్స కాలుస్తోంది, పిండిని కాగితమంత పల్చగా సాగదీసి అక్రోటు ముద్ద పూసి చుట్టి కాల్చే రొట్టె. వాసన వీధి దాకా వచ్చింది. లోపల ఏం జరిగిందో ఇర్మా తర్వాత నాకు చెప్పింది.

"కూర్చో నాయనా. ఒక ముక్క తింటావా?"

"అబ్బే, వద్దండీ. ఇప్పుడే తినొచ్చా."

"వేడిగా ఉంది, ఇప్పుడే తీశాను. చిన్న ముక్క?"

"మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముంది? నా మాట కోసం ఒక్కటి."

"సరే మరి, మీరింతగా అంటున్నారు కాబట్టి," అని వెండెల్ నాలుగు తిన్నాడు. కాఫీ రెండు కప్పులు తాగాడు. తర్వాత కాగితం తీసి, మూతి తుడుచుకుని, "నేలమాళిగలోకి దిగి చూడమంటారా?" అని అడిగాడు.

"ఎందుకులే నాయనా, ఆ మెట్లు నీకు కష్టం," అంది ఇర్మా.

అది మొదటి "వద్దు". ఉత్త పలకరింపు. ఇంకో రెండుసార్లు అడగాలని మా సీమలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వెండెల్‌కు నిమిషం కిందటి దాకా బాగా తెలుసు. కానీ ఆయన "సరే, మీరే వద్దన్నారు కాబట్టి," అని గభాలున లేచి, టోపీ పెట్టుకుని, తొంభై అయిదు శాతం అని రాసేసి చేతులు దులుపుకున్నాడు.

ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. "మీ ఇంట్లో ఇప్పటికే అధిక సామర్థ్యం గల కండెన్సింగ్ ఫర్నేస్ ఉన్నందుకు అభినందనలు. కావున మీ పేరు జాబితా నుంచి తొలగించడమైనది." ఇదీ ఉత్తరం. పేరు చదివాను. వీధి చదివాను. చక్రవర్తి ఎనిమిది చేతులూ నా కళ్ల ముందు ఆడాయి. వెండెల్ పక్క గదిలోనే ఉన్నాడు, తలుపు తోసి అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆయనకు చిన్నతనంగా ఉంటుందేమో అనుకున్నాను. నిపుణులు చూసుకునే వ్యవహారం, మనది టైపు చేయడమే కదా అనుకున్నాను. ఒక్క అక్షరం తప్పు లేకుండా టైపు చేసి, ఆఫీసు పద్ధతి ప్రకారం అడుగున ఎడమ మూల నా పొడి అక్షరాలు వేసి పోస్టులో పడేశాను.

నవంబరు నడిమధ్య ఇర్మా పళ్లెం తిరిగి ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. పొతీత్స పంపిన పళ్లెం నా దగ్గర నెల రోజులుగా ఉంది. ఆవిడ వంటింట్లో భర్త వేసుకునే నారింజరంగు వేటకోటు తొడుక్కుని, పొయ్యి కింది ఓవెన్ తలుపు బార్లా తెరిచి దాని ముందు కూర్చుంది. నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. ఫ్రిజ్ తలుపుకు, అయస్కాంతం కింద, నా ఉత్తరం.

"ఇదేంటి ఇర్మా గారూ, ఇంత చలిలో?"

"చలేముంది అమ్మాయ్. ఇంతకంటే ఘోరమైనవి చూశాం. చక్రవర్తికి వయసైంది, రోజుకు కాసేపు మండుతాడు, కాసేపు అలుగుతాడు."

"మరి మా ఆఫీసుకు ఫోన్ చెయ్యొచ్చు కదా?"

"చేసి ఏమనను? కొత్తది ఉందని మీవాళ్లు రాశారుగా." ఉత్తరం వైపు చూపించింది. "టార్చి పట్టుకుని కిందికెళ్లి వెతికాను మార్లిస్. రెండుసార్లు వెతికాను. బంగాళాదుంపల పెట్టె వెనక కూడా చూశాను. నాకైతే కనపడలేదు. చదువుకున్నవాళ్లు రాశారు కదా, ఎక్కడో ఉండే ఉంటుంది."

ఆవిడ నుదురు రుద్దుకుంటూ, "ఈమధ్య పొద్దున్నే తల పగిలిపోతోంది, వయసు కాబోలు," అంది.

"ఫర్నేస్ పొగలోని విషవాయువుకు మోగే అలారం గోడకు ఉండాలి కదా, ఏది?"

"అదా, ఊరికే కీచుకీచుమని అరుస్తోందమ్మా. పక్కింటివాళ్లకు ఇబ్బందని తువ్వాళ్ల కింద పెట్టి బీరువాలో దాచాను."

చెయ్యి పట్టుకుని ఆవిడను ఉన్నపళంగా బయటికి లాక్కొచ్చి, నా కారులో కూర్చోబెట్టి గ్యాసు వాళ్లకు ఫోన్ చేశాను. వచ్చినతను కిందికి దిగి, పది నిమిషాల్లో పైకి వచ్చాడు. పొగగొట్టం లోపల ఇటుకలు కూలి మూసుకుపోయింది, పొగంతా ఇంట్లోకే తన్నుతోంది అన్నాడు. గ్యాసు కట్టేసి చక్రవర్తి మెడకు ఎర్ర చీటీ వేలాడదీశాడు. "ఇంకో వారం..." అని మొదలుపెట్టి, ఇర్మా వైపు చూసి, మా వాడే కనుక మాట మధ్యలోనే మింగేశాడు.

ఇర్మాను మా ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ ఊరికే కూర్చునే మనిషి కాదు. రెండో రోజుకు నా వంటింటి అరలన్నీ కడిగేసింది, మూడో రోజుకు నా ఉప్పుడబ్బా ఎక్కడుందో నాకే తెలియకుండా పోయింది. కానీ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి తన వీధి వైపు చూసేది. "నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగుల్తాయేమో. పగిలితే ఇక ఆ ఇంట్లోకి వెళ్లడమంటూ ఉండదు," అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. ఫర్నేస్ వస్తే ఇల్లుంటుంది, రాకపోతే ఉండదు. జాబితాకు పది రోజులుంది.

నాకు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. సిగ్గు కంటే కోపం సుఖం కనుక దాన్నే పట్టుకుని వెండెల్ గదిలోకి వెళ్లాను.

"ఇర్మా ఇంట్లో ఉన్నది చక్రవర్తి, వెండెల్. ఎనిమిది చేతులది. నువ్వు చూసింది రేడాన్ గొట్టం."

"గొట్టం తెల్లగానే ఉంది," అన్నాడు వెండెల్.

"తెల్లగా ఉన్నదల్లా ఫర్నేస్ అయితే నా ఫ్రిజ్ కూడా ఫర్నేసే!"

"ఈ గాలి ఇవాళ వాయవ్యం నుంచి వీస్తోంది చూశావా," అన్నాడు. మా వాళ్లు ఇబ్బందిలో పడితే వాతావరణం ఆసరా.

"మళ్లీ వెళ్లి దిగి చూసి, పొరపాటు జరిగిందని రాస్తే ఆవిడ పేరు జాబితాలోకి వస్తుంది. నువ్వు తప్ప ఇంకెవరు రాసినా చెల్లదు."

"నా మోకాళ్లు..."

"నీ మోకాళ్లకేం కాలేదు," అన్నాను. లువోమా పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఎంత కోపమొచ్చినా కొన్ని మాటలు మేం అనం.

మర్నాడు ముగ్గురం ఆవిడ ఇంటికి వెళ్లాం. లోపల శ్వాస గడ్డకట్టేంత చలి. నేలమాళిగ తలుపు తీసి ఇర్మా పక్కకు నిలబడింది.

"ఒకసారి దిగి చూస్తావా నాయనా?"

"ఎందుకులెండి, మీ మాటే నమ్ముతా."

"మెట్ల మీద దీపం వేశాను. చూడరాదూ?"

"అబ్బే, మీకు శ్రమ."

ఇర్మా కోటు బొత్తాలు సర్దుకుంది. "నా మాట కోసం," అంది.

మూడోది. మూడోదానికి కాదనడం మా సీమలో మనిషి చేసే పని కాదు. వెండెల్ టోపీ తీసి, గట్టిగా ఊపిరి పీల్చి, పొట్ట లోపలికి లాక్కుని, పీతలాగా పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టే దిగాడు. ఫొటో తర్వాత మొదటిసారి నుదుటి దీపం కట్టుకుని వెలిగించాడు. నేను వంగి చూస్తే, చక్రవర్తి ఎదుట, ఎర్ర చీటీకి జానెడు దూరంలో, స్కూల్లో పెద్దయ్యవారి ముందు నిలబడ్డ పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"కాస్త పాతదే," అంది ఇర్మా పైనుంచి, ఆయన నొచ్చుకోకుండా.

"ఊఁ. వేరుగా ఉంది," అన్నాడు వెండెల్. మా సీమలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

"పొరపాటు జరిగింది" అని రెండు మాటలు రాస్తే అయిపోయేది. ఆ రెండు మాటలు రాయడానికి వెండెల్ పెన్ను సాగలేదు. ఆ సాయంత్రం నా బల్ల మీదికి వచ్చిన కాగితంలో ఆయన దస్తూరీతో ఇలా ఉంది: "మొదటి తనిఖీ తర్వాత, తెలియని వ్యక్తులు అధిక సామర్థ్యపు ఫర్నేస్‌ను తొలగించి, ఆ స్థానంలో సుమారు 1940 నాటి ఫర్నేస్‌ను అమర్చినట్టు కనుగొనడమైనది."

చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. ఎనిమిది చేతుల ఇనుప ఏనుగును, లువోమా మెట్లకు చెల్లెళ్లలాంటి ఆ మెట్ల మీదుగా, ఎవరో దొంగలు మోసుకొచ్చి ముసలావిడకు బిగించి వెళ్లారట. గొట్టాలన్నీ అతికించి, మీద డెబ్బై ఏళ్ల దుమ్ము కూడా చల్లి వెళ్లారట. నవ్వి, నవ్వి, అదీ టైపు చేశాను. ఆవిడకు ఫర్నేస్ వస్తే చాలు, దొంగలు తెచ్చినా దేవుడు తెచ్చినా ఒకటే అనుకున్నాను.

మా పై అధికారి ఆర్డిస్ నవ్వే మనిషి కాదు. దొంగతనం జరిగిందని కాగితం చెబుతోంది కాబట్టి షెరీఫ్ ఆఫీసుకు, అంటే మా పోలీసులకు, పంపింది. "విచారణ పూర్తయ్యేవరకు ఈ ఇంటికి కొత్త ఫర్నేస్ ఇవ్వడానికి వీల్లేదు," అని పక్కన రాసింది. జాబితాకు నాలుగు రోజులుంది.

సోమవారం డెప్యూటీ గోర్డీ లాంపి మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి, పెంపకం ఉన్నవాడు, గుమ్మంలో బూట్లు విప్పి వచ్చాడు. సాక్షిగా వెండెల్‌ను కూడా పిలిపించాడు. నా వంటింటి బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. బల్ల మధ్యలో ఇర్మా పొతీత్స. గోర్డీ మూడో పిలుపుకి ఒక ముక్క తీసుకుని, పుస్తకం తెరిచాడు.

"ఇర్మా గారూ, పోయిన ఫర్నేస్ ఎలా ఉండేది?"

"నేనెలా చెప్పగలను నాయనా," అంది ఇర్మా. వెండెల్ వైపు చూడలేదు.

గోర్డీ రాసుకోలేదు. కాఫీ ఒక గుక్క తాగాడు. "గుర్తున్నంతవరకు చెప్పండమ్మా. అసలు ఆ ఇంట్లో కొత్త ఫర్నేస్ ఉండేదా?"

"అది నేను చెప్పాల్సిన మాట కాదేమో."

వెండెల్ బల్ల మీద పరిచిన గుడ్డలోని పువ్వులు లెక్కపెడుతున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇర్మా "అవును, తెల్లగా ఉండేది" అని ఒక్క ముక్క అనేస్తే ఆయన పరువు నిలబడుతుంది, దొంగల కోసం గోర్డీ చలికాలమంతా తిరుగుతాడు, ఆవిడ ఇంటి నీళ్ల గొట్టాలు పగిలిపోతాయి. ఎనభై ఒక్క ఏళ్లలో ఆవిడ ఎవరినీ ముఖం మీద నొప్పించలేదు. అనేస్తుందని నాకు భయం వేసింది. నోరు తెరవాల్సింది నేను. తెరిచి, చక్కెర గిన్నె ఇటు జరిపాను.

గోర్డీ పుస్తకం మూశాడు. "ఇర్మా గారూ," అన్నాడు మెల్లగా, "మూడోసారి అడుగుతున్నా."

ఇర్మా చేతులు ఒడిలో పెట్టుకుంది.

"కొత్తది ఎప్పుడూ లేదు. అక్టోబరులో ఇతను నా ఇంటికొచ్చాడు, పొతీత్స తిన్నాడు, మెట్లు దిగలేదు. నేలమాళిగ సంగతి ఒక్కసారే అడిగాడు."

ఒక్కసారే అడిగాడన్న మాటకు గోర్డీ ముఖం మాడిపోయింది. వెండెల్ అబద్ధం రాశాడని విన్నప్పటికంటే ఎక్కువ మాడింది. తిరిగి వెండెల్ వైపు చూశాడు. వెండెల్ జేబులోంచి పెన్ను తీశాడు. గోర్డీ పుస్తకంలోంచి చింపి ఇచ్చిన కాగితం మీద "నేను చూడకుండా రాశాను" అని రాసి సంతకం పెట్టాడు. ఆయన జీవితంలో కళ్లారా చూసి రాసిన మొదటి వాక్యం అదేనేమో.

అప్పుడు ఇర్మా పళ్లెం ఆయన వైపు జరిపింది. ఒకసారి అడిగింది. రెండుసార్లు అడిగింది. మూడోసారి కూడా అడిగింది. వెండెల్ తీసుకుని తల వంచుకుని తిన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, మేం ముగ్గురం మర్యాదగా కిటికీలోంచి మంచు చూశాం.

బుధవారానికి పేరు జాబితాలోకి ఎక్కింది. వారం తిరిగేలోగా చక్రవర్తిని ముక్కలుగా కోసి పైకి మోశారు. ఆ స్థానంలో మడతమంచమంత యంత్రం వచ్చింది, దాని నుంచి రెండు తెల్ల గొట్టాలు వెనక గోడలోంచి బయటికి. ఆ వీధిలో తెల్ల గొట్టమున్న మిగతా నలభై ఒక్క ఇళ్లనూ వెండెల్ మళ్లీ చూడాల్సి వచ్చింది. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నలభై ఒక్క నేలమాళిగలు దిగాడు. నలభై ఒక్కమంది గృహిణులూ ఆ సమయంలో పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి వెళ్లారు.

డిసెంబరు మొదట్లో ఇర్మా కొత్త వెచ్చదనం చూడమని నన్ను పిలిచింది. వంటిల్లు హాయిగా ఉంది, వేటకోటు కొక్కేనికి వేలాడుతోంది. కాఫీ పోసింది. ఫ్రిజ్ మీది ఉత్తరం తీసి నా ముందు పెట్టి, అడుగున ఎడమ మూల వేలు ఆనించింది.

"ఈ రెండు అక్షరాలు నీవేనా మార్లిస్?"

"నావే."

"చక్రవర్తి వెనక దాక్కుని ఆడిన పిల్లవి నువ్వే కదూ?"

"నేనే, ఇర్మా గారూ."

ఆవిడ తలూపింది. ఉత్తరం మడిచి సొరుగులో పెట్టింది. కోపంగా ఏమీ లేదు, ముఖంలో ఎప్పటి నవ్వే ఉంది. పొతీత్స పళ్లెం నా వైపు జరిపి, "ఒక ముక్క?" అంది.

"వద్దండీ, ఇప్పుడే తిని వచ్చా," అన్నాను.

"వేడిగా ఉంది. చిన్న ముక్క?"

"ఎందుకండీ మీకు శ్రమ," అన్నాను. అని, ఎదురు చూశాను.

ఇర్మా లేచి, పళ్లెం మీద శుభ్రమైన గుడ్డ కప్పి, అరలో పెట్టేసింది.